ఫ్లైట్ గట్టిగా ఊగినప్పుడు కొయ్యబారిపోయా, పక్కనే ఉన్న అమ్మ చెయ్యి కూడా పట్టుకోలేదు. మీకు ఎలా ఉంటుంది?

నీలికిటికీ:

అందరికీ నమస్తే. ఇది రాయాలా వద్దా అని మూడు వారాలుగా అనుకుంటూనే ఉన్నా, ఇవాళ కూడా నిద్ర పట్టకపోయేసరికి ఇక రాసేస్తున్నా. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

అమ్మా నేనూ రాత్రి ఫ్లైట్‌లో వస్తున్నాం. అమ్మ ఫ్లైట్ ఎక్కడం అది రెండోసారే. కిటికీ పక్కన అమ్మ, మధ్యలో నేను, ఈ చివర ఎవరో పెద్దాయన. గంటన్నర దాకా ఏ ఇబ్బందీ లేదు, లైట్లు తగ్గించేశారు, సగం మంది నిద్రపోయారు, నేను కూడా కాస్త కునుకు తీద్దామని బెల్టు వదులు చేసుకుని వెనక్కి వాలా. ముందు గతుకుల రోడ్డు మీద బస్సు పోతున్నట్టు గడగడలాడింది, బెల్టు సైన్ వెలిగింది, మామూలేలే అనుకున్నా. ఆ తర్వాత ఒక్కసారిగా కాళ్ళ కింద నేల లాగేసినట్టు పడింది చూడండి, పేగులన్నీ గొంతులోకొచ్చాయి. పైన సామాన్ల డబ్బాలు టపటపా కొట్టుకుంటున్నాయి, వెనకాల ట్రాలీ దేనికో గుద్దుకున్న చప్పుడు, ఎవరో కేక వేశారు, ఆ కేక విని ఇంకో పదిమంది కేక వేశారు. మళ్ళీ పైకి లేపింది, మళ్ళీ పడేసింది. ముందు సీట్లో ఆయన పైకి వినపడేలా దేవుణ్ణి తల్చుకుంటున్నాడు, ఇటుపక్క ఒకబ్బాయి ఫోన్ తీసి వీడియో పట్టుకుంటున్నాడు, ఒకావిడైతే అంత ఊగుతుంటే లేచి నిలబడి పైనున్న బ్యాగ్ కోసం చెయ్యి చాపింది, ఎయిర్ హోస్టెస్ కూర్చున్నచోటి నుంచే "కూర్చోండి, కూర్చోండి" అని గట్టిగా అరిచింది.

నేను మాత్రం ఏమీ చెయ్యలేదు. అరవలేదు, ఏడవలేదు, దణ్ణం కూడా పెట్టుకోలేదు. ముందు సీటు వెనకాల ఉన్న చిన్న స్క్రీన్ చూస్తూ ఉండిపోయా. అమ్మ నన్ను పేరు పెట్టి పిలుస్తోంది, రెండు మూడుసార్లు పిలిచింది, నాకు వినపడుతోంది, నావైపు చెయ్యి చాపడం కూడా కంటి చివర్న కనపడింది. నా చెయ్యి కదల్లేదు. కదపాలన్న ఆలోచన కూడా రాలేదు. మొత్తం రెండు మూడు నిమిషాలు ఉంటుందేమో, నాకైతే అరగంట అనిపించింది. దిగాక అమ్మ దాని గురించి ఒక్క మాట అనలేదు, నేనూ అడగలేదు, అదే లోపల తొలిచేస్తోంది. చిన్నప్పుడు ఉరుము ఉరిమితే నన్ను దగ్గరికి లాక్కున్న మనిషి, ఆవిడ భయపడి చెయ్యి చాపితే నేను రాయిలా కూర్చున్నా.

అడగాలనుకున్నది ఏంటంటే, మీలో ఎవరికైనా ఇలా అయిందా, ఇది మామూలేనా లేక నాలోనే ఏదైనా లోపమా? పక్కవాళ్ళు ఎలా ఉంటారు? ఇంకోటి, అంత పడినప్పుడు ఫ్లైట్‌కి నిజంగా ప్రమాదం ఎంతవరకు ఉంటుంది? రెండు నెలల్లో ఇద్దరం మళ్ళీ ఫ్లైట్ ఎక్కాలి, తప్పించుకోవడానికి లేదు.


తూనీగ:

అక్కా ముందు ఒకటి చెప్తా, నేను మీకు పూర్తిగా రివర్స్. నేను అరిచా. ఫ్లైట్ మొత్తంలో అందరికంటే గట్టిగా అరిచింది నేనే అనుకుంటా. దానికి కూడా ఇప్పటిదాకా బాధపడుతూనే ఉన్నా, అంటే అరిచినవాడికీ బాధే, అరవనివాళ్ళకీ బాధే, ఆ టైంలో ఏం చేసినా తర్వాత తప్పు చేసినట్టే అనిపిస్తుందేమో.

నాకు జరిగి నాలుగేళ్ళవుతోంది. ఒక్కడినే వెళ్తున్నా. మొదటి కుదుపుకి అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు, అది నాకు బాగా గుర్తుంది, నీకూ అనిపించిందా అన్నట్టు. రెండో కుదుపుకి అందరి తలలూ ఎయిర్ హోస్టెస్ వైపు తిరిగాయి, ఆవిడ మొహంలో ఏముందో చూద్దామని. మూడోసారి నిజంగా పడింది, అప్పుడు ఎవరూ ఎవర్నీ చూడలేదు. నేను అరుస్తూ పక్కనున్నాయన ముంజేయి పట్టేసుకున్నా. అంతకుముందు ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు, పేరు తెలీదు. గోళ్ళు దిగేలా పట్టుకున్నానని తర్వాత తెలిసింది, ఎర్రగా గుర్తులు పడ్డాయి. ఆయన చెయ్యి లాక్కోలేదు, ఏమీ అనలేదు, రెండో చెయ్యి తీసి నా చెయ్యి మీద పెట్టి అలా ఉంచాడంతే. కుదుపులు ఆగాక కూడా కాసేపు అలానే ఉంచాడు. దిగేటప్పుడు సారీ అన్నా, తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ మనిషి మళ్ళీ కనపడితే గుర్తుపట్టలేను కూడా, కానీ ఆ చెయ్యి బరువు ఇప్పటికీ తెలుస్తుంది నాకు.

చక్రాలు నేలకి తగలగానే అందరూ చప్పట్లు కొట్టారు, నేను కూడా కొట్టా. అసలు ఏడుపు అప్పుడు రాలేదండి, లగేజీ కోసం నిలబడి ఉంటే అప్పుడొచ్చింది, బ్యాగ్ వస్తోంది పోతోంది, తీసుకోలేకపోతున్నా, మోకాళ్ళు వణుకుతున్నాయి. ఊగుతున్నంతసేపూ ఒళ్ళు బిగబట్టుకుని ఉంటుంది కదా, అదంతా నేల మీదకొచ్చాక వదుల్తుంది అని తర్వాత ఒక డాక్టర్ చెప్పారు. మీకు మూడు వారాలైనా నిద్ర పట్టట్లేదంటే ఇంకా లోపల వదల్లేదేమో. అమ్మతో మాట్లాడండి అక్కా, ముందు అది చెయ్యండి.


గ్యాలీకబుర్లు:

నేను ఎనిమిదేళ్ళు క్యాబిన్ క్రూలో చేశా, ఇప్పుడు మానేశాను. మీ పోస్ట్ చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను, ఎందుకంటే మీలాంటి మొహాలు నేను కొన్ని వందలు చూశాను.

బయట అందరూ అనుకునేదేంటంటే ఫ్లైట్ గట్టిగా ఊగితే మొత్తం కేకలు, ఏడుపులు, గందరగోళం అని. నేను చూసినంతవరకు అలా కాదు. కేక వస్తుంది, కరెక్టే, అది పడిన క్షణంలో వస్తుంది, అందరి నోట్లోంచీ ఒకేసారి, జెయింట్ వీల్ దిగుతున్నప్పుడు వచ్చినట్టు. ఆ తర్వాత వచ్చేది నిశ్శబ్దం. రెండొందల మంది ఉన్న చోట అంత నిశ్శబ్దం ఇంకెక్కడా వినలేదు నేను. చిన్నపిల్లల ఏడుపు తప్ప ఏమీ ఉండదు. ఎక్కువమంది మీలాగే కొయ్యబారిపోతారు, ఎదురుగా ఏదుంటే దాన్నే చూస్తారు, రెండు పక్కలా హ్యాండ్‌రెస్ట్‌లు పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోతాయి. పిలిస్తే పలకరు. ఒకసారి ఒకాయన్ని బెల్టు పెట్టుకోమని మూడుసార్లు చెప్పాను, నా కళ్ళలోకి చూస్తున్నాడు, మాట మాత్రం లోపలికి దిగట్లేదు. చెయ్యి తీసి బకిల్ మీద పెడితే అప్పుడు పెట్టుకున్నాడు. భయపడ్డ ఒంటికి పారిపోవడం, ఎదురు తిరగడం ఎంత సహజమో బిగుసుకుపోవడం కూడా అంతే సహజం, దాన్ని మీరు ఎంచుకోలేదు. మేం బిగుసుకుపోకపోవడానికి మాకు ధైర్యం ఎక్కువని కాదు, ఏం చెయ్యాలో ట్రైనింగ్‌లో చేయించి చేయించి ఒంటికి పట్టించారు కాబట్టి చెయ్యి దానంతటదే కదుల్తుంది.

లేచి బ్యాగ్ తియ్యబోయిన ఆవిడ గురించి రాశారు కదా, అది కూడా తరచూ చూసేదాన్ని. బుర్ర పనిచెయ్యనప్పుడు చేతులు అలవాటైన పని వెతుక్కుంటాయి. బాత్రూంకి వెళ్తానని లేచేవాళ్ళు, ఫోన్ ఆన్ చేసి సిగ్నల్ లేకపోయినా ఇంటికి మెసేజ్ టైప్ చేసేవాళ్ళు, పిల్లల చెవులు మూసేవాళ్ళు. ఎవర్నీ తప్పుపట్టను, కానీ లేవడం మాత్రం ప్రాణం మీదకి తెస్తుంది. వీడియో తీసే అబ్బాయి చేతిలో ఫోన్ జారితే అది ఎవరి కంట్లో పడుతుందో తెలీదు, దాని గురించి మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది.

మా వైపు సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో విమానాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఏఏ లెక్కల ప్రకారం 2009 నుంచి 2022 దాకా కుదుపుల వల్ల గట్టి దెబ్బలు తగిలినవాళ్ళు 163 మంది, అందులో 129 మంది క్రూనే. మిగతా 34 మందే ప్రయాణికులు. ఎందుకంటే మీరు కూర్చుని ఉంటారు, మేం బరువైన ట్రాలీ పట్టుకుని నడవలో నిలబడి ఉంటాం. నా చీలమండ ఒకసారి అలాగే విరిగింది, నేను పైకి లేచి కిందపడేటప్పటికి ట్రాలీ కూడా పైకి లేచి నా కాలి మీద దిగింది. అందుకే "క్రూ, వెంటనే కూర్చోండి" అని కెప్టెన్ అంటే సర్వీసు మధ్యలో వదిలేసి దగ్గర్లో ఏ సీటు ఖాళీగా ఉంటే అందులో కూర్చుంటాం, లేకపోతే నడవలోనే కింద కూర్చుని సీటు కాళ్ళు పట్టుకుంటాం. అది చూసి జనం ఇంకా భయపడతారు, క్రూయే కింద కూర్చుందంటే అయిపోయిందిరా అనుకుంటారు. అలా కాదండి, కూర్చోవడమే అక్కడ చెయ్యాల్సిన పని.

వేడి నీళ్ళు పడి కాలిన గాయాలు ఇంకో బాధ. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2024 మేలో వాళ్ళ ఫ్లైట్‌లో గట్టి కుదుపు వచ్చిన ఘటన తర్వాత బెల్టు సైన్ వెలిగితే వేడి డ్రింకులతో పాటు భోజనాలు ఇవ్వడం కూడా ఆపేసింది, కొరియన్ ఎయిర్ అదే ఏడాది ఆగస్టు నుంచి ఎకానమీలో కప్పు నూడుల్స్ మానేసింది. కాఫీ ఇవ్వలేదని క్రూ మీద విసుక్కునేవాళ్ళు ఇది ఒక్కసారి గుర్తుపెట్టుకోండి. ఒళ్ళో పసిపిల్లలున్న తల్లిదండ్రులకి కూడా ఒక మాట, ఆ విసురుకి ఎంత బలమున్న చేతులైనా బిడ్డని ఆపలేవు, వీలైతే బిడ్డకి వేరే సీటు తీసుకుని ఫ్లైట్‌లో వాడదగ్గ చైల్డ్ సీట్ పెట్టుకోండి.

అమ్మగారి విషయం. ఆవిడకి బెల్టు ఎవరు పెట్టారు? రెండోసారి ఫ్లైట్ ఎక్కినావిడ అంటున్నారు, బహుశా మీరే పెట్టి ఉంటారు. అది చేశారు కదా.


రెక్కమీదసీటు:

విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేస్తున్నా. ప్రమాదం ఎంతవరకు అని అడిగారు కాబట్టి ఆ భాగం నేను చెప్తా, కొంచెం లెక్కలుంటాయి.

పైన చెప్పిన సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఘటన, 2024 మే 21, ఎస్‌క్యూ 321, లండన్ నుంచి సింగపూర్, బోయింగ్ 777, అందులో ప్రయాణికులు 211 మంది, క్రూ 18 మంది. మయన్మార్ మీదుగా వెళ్తుండగా గట్టి కుదుపు వచ్చింది, 73 ఏళ్ళ ప్రయాణికుడు ఒకాయన చనిపోయాడు, చాలామందికి దెబ్బలు తగిలాయి, బ్యాంకాక్‌లో దింపారు. ఆ రోజు వార్తల్లో అందరూ ఆరు వేల అడుగులు పడిపోయిందనే అన్నారు. తర్వాత సింగపూర్ దర్యాప్తు సంస్థ ఫ్లైట్ రికార్డర్ తీసి చూస్తే కుదుపులో పోయిన ఎత్తు 178 అడుగులు. అంటే సుమారు 54 మీటర్లు, అది కూడా 37 వేల అడుగుల పైన. ఆ ఆరు వేల అడుగులు తర్వాత పైలట్లు కావాలని, కంట్రోల్‌లో ఉంచుకుని దిగిన ఎత్తు.

మరి 178 అడుగులకే అంత ఎలా జరిగింది అంటే, ఎంత పడింది అన్నదానికంటే ఎంత వేగంగా మారింది అన్నదే ముఖ్యం. మన ఒంటి మీద పడే బరువుని జీలలో కొలుస్తారు, మనం మామూలుగా కూర్చుంటే 1 జీ. అక్కడ ప్లస్ 1.35 జీ నుంచి మైనస్ 1.5 జీకి 0.6 సెకన్లలో మారింది. రెప్ప వేసి తెరిచేంతలో. మైనస్ అంటే విమానం మనిషి కిందపడే వేగం కంటే వేగంగా కిందకి నెట్టబడింది, బెల్టు లేనివాళ్ళు ఉన్నచోటే ఉండిపోయారు, సీలింగ్ వచ్చి తలకి తగిలింది. ఆ వెంటనే నాలుగు సెకన్లలో ప్లస్ 1.5 కి తిరిగొచ్చింది, పైనున్నవాళ్ళు దబ్బున కింద పడ్డారు. ఫోటోల్లో పగిలిన సీలింగ్ ప్యానెళ్ళు, వేలాడుతున్న మాస్కులు చూసే ఉంటారు. ఇంకో సంగతి, బెల్టు సైన్ వేశామని పైలట్ అన్నదానికీ ఆ విసురుకీ మధ్య ఉన్నది 8 సెకన్లు. ఎనిమిది. నిద్రలో ఉన్నవాడికి కళ్ళు తెరిచి టింగ్ అన్నది ఏంటో అర్థం చేసుకోవడానికే చాలదు. అందుకే సైన్ వెలిగినా వెలగకపోయినా కూర్చున్నంతసేపూ బెల్టు ఉండాలని మేం మొత్తుకునేది.

ఇక విమానం సంగతి. పెద్ద ప్యాసింజర్ విమానాల్ని సర్వీసులో రాదగ్గ ఎక్కువలో ఎక్కువ లోడు మామూలుగా 2.5 జీ అనుకుని, దానికి ఒకటిన్నర రెట్లు తట్టుకునేలా కడతారు. 1995 లో బోయింగ్ 777 రెక్కల్ని నేల మీద కేబుళ్ళతో వంచి వంచి విరిగేదాకా పరీక్షించారు, ఆ ఎక్కువలో ఎక్కువ లోడుకి 154 శాతం దగ్గర విరిగాయి, అప్పటికి రెక్క చివర 24 అడుగులు పైకి లేచింది. కిటికీలోంచి చూస్తే రెక్క ఊగుతోందని చాలామంది హడలిపోతారు, కానీ అది ఊగాలి, వెదురు గాలికి వంగినట్టు వంగడానికే దాన్ని అలా చేశారు, బిగుసుకుపోయి ఉంటే అప్పుడు భయపడాలి. గట్టి కుదుపు వచ్చిందని పైలట్ రాస్తే ఆ విమానం మా దగ్గరికొస్తుంది, రికార్డర్‌లో ఎంత జీ వచ్చిందో తీసి, రెక్కల అతుకుల దగ్గర నుంచి తోక దాకా చూసి సంతకం పెడితేనే మళ్ళీ ఎగురుతుంది. ఆ సంతకాల్లో కొన్ని నావి, తేలిగ్గా పెట్టను.

ఎయిర్ పాకెట్ అని ఒక మాట బాగా వాడుకలో ఉంది, గాలి లేని గుంట ఏదో ఉన్నట్టు. అలాంటిది ఏదీ లేదు. గాలి ఎప్పుడూ ఉంటుంది, పక్కపక్కనే వేర్వేరు వేగాలతో కదులుతుంది, పైకీ కిందకీ పొర్లుతుంది, ఏరు రాళ్ళ మీద పారుతుంటే సుడులు తిరిగినట్టు. ఉరుముల మేఘాల్లో ఉండే కుదుపుని రాడార్ చాలావరకు పట్టుకుంటుంది ఎందుకంటే అక్కడ నీటి చుక్కలుంటాయి, పైలట్లు వీలైనంత దూరంగా చుట్టూ తిరిగి వెళ్తారు, పెద్ద తుఫాను మేఘాలైతే కనీసం 20 నాటికల్ మైళ్ళు దూరం ఉండమని చెప్తారు. పైన జెట్ స్ట్రీమ్, అంటే బాగా ఎత్తులో చాలా వేగంగా వీచే గాలి, దాని అంచుల్లో వచ్చే క్లియర్ ఎయిర్ టర్బులెన్స్‌కి మేఘం లేదు, చుక్క లేదు, రాడార్‌కి కనపడదు. ముందు వెళ్ళిన విమానాలు చెప్పే కబురే దానికి పెద్ద ఆధారం. పైగా అది పెరుగుతోంది కూడా, ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీ వాళ్ళు 2023 లో చేసిన లెక్కలో ఉత్తర అట్లాంటిక్ మీద ఒక సగటు చోట తీవ్రమైన రకం ఏడాదికి 1979 లో 17.7 గంటలుంటే 2020 కి 27.4 గంటలైంది.

మీకు పడిపోయినట్టు ఎందుకనిపించిందంటే చెవి లోపల ఉండే అవయవాలకి వేగంలో మార్పే తెలుస్తుంది, ఎత్తు తెలీదు. చీకట్లో, కిటికీ బయట చూసుకోవడానికి ఏమీ లేనప్పుడు పదడుగులు జారినా వెయ్యి అడుగులు పడ్డట్టే చెప్తుంది. మీరు అనుభవించింది అబద్ధం కాదు, ఒళ్ళు నిజంగానే పడుతున్నామని చెప్పింది, విమానం మాత్రం ఎగురుతూనే ఉంది.


వానచినుకు:

నాకు నవ్వొచ్చింది. ఎవరికైనా ఇలా అయిందో లేదో తెలీదు కానీ చెప్పాలనిపించింది. ఫ్లైట్ పడుతుంటే పగలబడి నవ్వా, ఆపుకోలేకపోయా, కళ్ళలో నీళ్ళు కారుతున్నా నవ్వే. పక్కన మా ఆయన పాపని పట్టుకుని ఒణుకుతూ నావైపు చూసిన చూపు మర్చిపోలేను. రెండు రోజులు మాట్లాడలేదు, పాప ప్రాణం మీదకొస్తే నీకు నవ్వులాటగా ఉందా అన్నాడు. అది నవ్వు కాదు, భయం ఆ దార్లో బయటికొచ్చింది అని చెప్పడానికి నాకు మాటలు దొరకలేదు అప్పుడు. గ్యాలీకబుర్లు గారూ, మీరు రాసింది ఆయనకి చదివి వినిపించా ఇప్పుడే. థాంక్స్ అండి.


మెల్లగావెళ్దాం:

రెక్కమీదసీటు గారు చెప్పిందంతా కరెక్టే, నేను దాదాపు అవన్నీ చదివా, 777 రెక్క విరిచే వీడియో కూడా పదిసార్లు చూశా. కానీ ఒకటి ఒప్పుకోవాలి, లెక్కలు తెలిసినంత మాత్రాన భయం పోదండి. నేల మీద కూర్చుని చదివినప్పుడు ధైర్యం వస్తుంది, పైన ఒక్క కుదుపు రాగానే చదివిందంతా ఆవిరైపోతుంది. లెక్కలు బుర్రకి, భయం ఒంటికి. ఒంటితో వేరే భాషలో మాట్లాడాలి.

నేను ఒక గట్టి కుదుపు తర్వాత ఏడాదిన్నర ఫ్లైట్ ఎక్కలేదు. టికెట్ బుక్ చేసి క్యాన్సిల్ చెయ్యడం, ఆకాశంలో మబ్బు పడితే వాతావరణం యాప్ ఇరవైసార్లు తెరవడం, వాళ్ళు చేరిపోయేదాకా ఇంట్లోవాళ్ళ ఫ్లైట్‌ని మ్యాప్‌లో చూస్తూ కూర్చోవడం. ఎంత తప్పించుకుంటే అంత పెరిగింది. చివరికి కౌన్సెలింగ్‌కి వెళ్ళా, ఆవిడ మెల్లమెల్లగా చేయించారు, ముందు ఇంజిన్ చప్పుడు రికార్డింగ్ వినడం, తర్వాత ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్ళి రావడం, తర్వాత గంట లోపు ఫ్లైట్. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, నిద్ర పట్టట్లేదంటున్నారు కదా, ఇంకో వారం పది రోజులు చూసి తగ్గకపోతే మీరు కూడా ఎవరికైనా చూపించుకోండి.

నాకు పనికొచ్చినవి చెప్తా, మీకు ఏది కుదిరితే అది. కుదుపు మొదలవగానే ఊపిరి బిగబడతాం, గమనించండి. లోపలికి తీసుకోవడం సంగతి వదిలేసి బయటికి వదలడం పొడుగ్గా చెయ్యడం, కొవ్వొత్తి ఆరకుండా ఊదినట్టు మెల్లగా. ఇంకోటి, అందరం సీటుని గట్టిగా పట్టుకుని ఒళ్ళు బిగిస్తాం, అప్పుడు ప్రతి చిన్న కుదుపూ ఎముకల్లోకి తెలుస్తుంది. నేను బెల్టు బిగించి ఒంటిని వదిలేస్తా, బస్సులో తూగుతున్నప్పుడు ఎలా ఊగుతామో అలా. రెక్కల దగ్గర సీటు తీసుకుంటా, తోక దగ్గర ఊపు ఎక్కువ. వీలైతే పొద్దున్నే బయల్దేరేది చూసుకుంటా, ఎండెక్కాక నేల వేడికి లేచే గాలులు అప్పటికి ఉండవు. ఎక్కేటప్పుడే క్రూతో "నాకు భయం" అని ఒక్క మాట చెప్తా, చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకళ్ళు మధ్యలో వచ్చి పలకరించి వెళ్ళారు. ధైర్యం కోసం మందు తాగడం మాత్రం వద్దు, ఒకసారి చేశా, భయం తగ్గలేదు, కాళ్ళు మాత్రం ఆడలేదు.

ఇవన్నీ చేసినా నాకు ఇప్పటికీ భయమే. కాకపోతే భయంతోనే ఎక్కుతున్నా, దిగుతున్నా.


నీలికిటికీ:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. రాత్రి ఇవన్నీ చదివి పొద్దున అమ్మ దగ్గర కూర్చుని అడిగేశా. "అమ్మా ఆ రోజు నువ్వు చెయ్యి చాపితే నేను పట్టుకోలేదు, నీకు బాధేసిందా" అని.

అమ్మకి ముందు అర్థం కాలేదు, ఏ చెయ్యి అంది. నేను గుర్తు చేస్తే, "నీ చెయ్యి కోసం కాదే, నీ బెల్టు కోసం" అంది. సీటు కిందకి జారినప్పుడు నేను సీట్లోంచి పైకి లేచానట, పడుకోవడానికి వదులు చేసుకున్నా కదా, తొడల మీద అరచెయ్యి పట్టేంత ఖాళీ ఉందట. పిలిస్తే పలకట్లేదట, కళ్ళు తెరిచే ఉన్నాయి, రెప్ప వెయ్యట్లేదు, స్పృహ పోయిందేమో అనుకుందట. అందుకే వంగి నా బెల్టు కొస పట్టుకుని లాగి బిగించిందట. ఎక్కగానే నేను ఆవిడకి ఎలా లాగి బిగించానో అది చూసి నేర్చుకుందట. రెండో కుదుపు వచ్చేసరికి నా బెల్టు బిగిసే ఉంది. నాకు ఇదేదీ గుర్తులేదు, చెయ్యి రావడం వరకే గుర్తుంది, లాగడం అస్సలు గుర్తులేదు.

"మరి దిగాక ఎందుకు మాట్లాడలేదు" అంటే, "నువ్వే అంత బెదిరిపోయి ఉన్నావు, మళ్ళీ ఎందుకు గుర్తు చెయ్యడం అనుకున్నా" అంది. మూడు వారాలు ఇద్దరం ఒకళ్ళ కోసం ఒకళ్ళం నోరు మూసుకుని కూర్చున్నాం. చాలాసేపు ఏడ్చా అండి, తూనీగ గారు చెప్పినట్టు ఇప్పుడు వదిలిందేమో.

ఇవాళే సీట్లు మార్చా, రెక్కల దగ్గర రెండు పక్కపక్కన దొరికాయి, పొద్దున ఆరున్నర ఫ్లైట్. గ్యాలీకబుర్లు గారూ ఒక చిన్న డౌట్, అమ్మకి చలి ఎక్కువ, మెడ దాకా దుప్పటి కప్పుకుంటుంది. బెల్టు దుప్పటి లోపల ఉండాలా, పైన ఉండాలా? ఎంత బిగించాలి?


గ్యాలీకబుర్లు:

పైన పెట్టండి, దుప్పటి మీద నుంచి. అప్పుడు క్రూ చెక్ చెయ్యడానికి వచ్చినప్పుడు కనపడుతుంది, ఆవిడ్ని నిద్ర లేపరు. పొట్ట మీద కాకుండా కిందకి, తుంటి ఎముకల మీదుగా రావాలి, బెల్టు మెలి తిరగకూడదు. దుప్పటి మందంగా ఉంటే పెట్టాక ఇంకోసారి కొస లాగండి, దుప్పటి నలిగేకొద్దీ వదులవుతుంది. కూర్చుని పైకి లేవబోతే లేవలేకపోవాలి, అంత బిగువు చాలు.

మీది అమ్మగారితో చెక్ చేయించుకోండి.